సున్నం నీడలో పచ్చని పంట

వానలు అరుదు. నేల రాళ్లగుట్ట. ఎండ మాత్రం ఏడాదంతా. అలాంటిచోట పండిన టమాటాలూ క్యాప్సికమ్‌లే చలికాలంలో ఐరోపా వంటింటిని ఆదుకుంటాయి. వేసవిలో ఆ తోటల్ని కాపాడేది ఏసీలు కాదు, పెద్ద పెద్ద యంత్రాలూ కాదు... నీళ్లలో కలిపిన సుద్ద! స్పెయిన్ దేశపు అల్మెరియా కథ ఇది.

విమానం కిందికి దిగుతుంటే కిటికీలోంచి చూసిన కొత్తవాళ్లు ఒక్కక్షణం తికమకపడతారు. ఒకవైపు నీలి సముద్రం, మరోవైపు బోడికొండలు. మధ్యలో కనుచూపుమేరా తెల్లటి తెలుపు. మంచు పడిందా అంటే ఆ ఊళ్లో మంచు పడదు. నౌపడ ఉప్పుమడుల్లాంటివేమో అనుకుంటే అవి ఇంత పెద్దగా ఉండవు. ఇంకాస్త కిందికి దిగాక గళ్లు గళ్లుగా కప్పులు కనిపిస్తాయి. వాటి మధ్య సన్నటి దారులు, నీళ్ల తొట్లు, బుల్లి లారీలు. అప్పుడర్థమవుతుంది, అవన్నీ పాలీహౌస్‌లని!

ఒకటీ రెండూ కాదు, 30 వేల హెక్టార్లకు పైగానే. మన లెక్కలో సుమారు 75 వేల ఎకరాలు. స్పానిష్‌లో దీన్ని 'మార్ దె ప్లాస్తికో' అంటారు. అంటే 'ప్లాస్టిక్ సముద్రం'. ఉపగ్రహ చిత్రాల్లో కూడా స్పష్టంగా కనిపించే ఈ తెలుపుకు కారణం ప్లాస్టిక్ ఒక్కటే కాదు. దానిమీద ఏటా పూసే సుద్ద పూత కూడా. ఆ పూత లేకపోతే ఆగస్టులో నాటిన మొక్క సెప్టెంబరు దాకా బతకడం కష్టం.

ఎడారి అంచున...

స్పెయిన్‌కు ఆగ్నేయ మూలన, అండలూసియా ప్రాంతంలో మధ్యధరా సముద్రం ఒడ్డున ఉంటుంది అల్మెరియా. అరబ్బుల ఏలుబడిలో పుట్టిన ఊరు. 'కావలి బురుజు' అనే అర్థమున్న అరబ్బీ మాట నుంచే ఆ పేరు వచ్చిందంటారు. పదో శతాబ్దంలో కట్టిన అల్కసాబా కోట ఇప్పటికీ ఊరికి ఎత్తున నిలబడి రేవు వైపు చూస్తూ ఉంటుంది.

ఐరోపాలో బాగా తక్కువ వాన పడే చోట్లలో ఇదొకటి. ఏడాది మొత్తంమీద 200 మిల్లీమీటర్లు పడితే గొప్ప. మన రాయలసీమలో కరవు సీమగా పేరుపడ్డ అనంతపురంలో కూడా అంతకు రెండింతలకు పైగానే కురుస్తుంది! ఊరికి ఉత్తరాన కొద్ది దూరం వెళితే తబెర్నాస్ ఎడారి. 'ద గుడ్, ద బ్యాడ్ అండ్ ది అగ్లీ' లాంటి కౌబాయ్ సినిమాల్లో గుర్రాలు దుమ్ము రేపుతూ పరుగెత్తిన నేల అమెరికాలోది కాదు, ఇక్కడిదే. దర్శకుడు సెర్జియో లియోనీ 1960లలో తన సినిమాలకు ఈ ఎండనీ ఈ ఎర్రటి గుట్టల్నీ వెతుక్కుంటూ వచ్చాడు.

సినిమావాళ్లకు పనికొచ్చిన ఎండ రైతులకు మాత్రం చాలాకాలం శాపమే అయింది. కొండల్లో కాస్త ద్రాక్ష, ఊరి చుట్టూ కొద్దిగా బార్లీ, మేకలు... అంతే. బతకడానికి దారిలేక అర్జెంటీనాకో, ఉత్తర ఆఫ్రికాకో, జర్మనీకో వలస వెళ్లిన కుటుంబాలు ఎన్నో. ఇప్పుడు అదే ఊరికి పనికోసం ఇతర దేశాల నుంచి వేలమంది వస్తున్నారు. మధ్యలో ఏం జరిగింది?

ద్రాక్ష పందిరికి ప్లాస్టిక్ దుప్పటి

మొదట ఇసుక వచ్చింది. సముద్రం పక్కనున్న పల్లెల్లో ఒక పాత అలవాటు ఉండేది. నేలమీద పశువుల ఎరువు పరిచి, దానిమీద పది సెంటీమీటర్ల మందాన ఇసుక పోసి, ఇసుకలో గుంట తీసి మొక్క నాటేవారు. ఇసుక కింద తేమ ఆరిపోదు. ఉప్పు నీళ్లు పెట్టినా ఉప్పు పైకి తేలి మొక్కను చంపదు. దీన్ని 'ఎనరెనాదో' అంటారు. 1950లలో ప్రభుత్వ వలస స్థిరనివాస సంస్థ బోర్లు వేయించి, కొండల నుంచి కుటుంబాలను దించి, తలా కొద్ది హెక్టార్ల భూమిచ్చి ఇక్కడ స్థిరపరిచినప్పుడు ఈ ఇసుక సేద్యం బాగా అక్కరకొచ్చింది.

తర్వాత ప్లాస్టిక్ వచ్చింది. సముద్రపు గాలి విసురుకు మొక్కలు నిలవడం లేదు. అడ్డంగా ఏదైనా కట్టాలి. 1960ల మొదట్లో కొత్తగా దొరుకుతున్న పాలిథిన్ పట్టాను తెచ్చి, కర్రలు పాతి, తీగలు లాగి పైన పరిచారు. ఆ కర్రలూ తీగలూ కొత్తవేమీ కాదు. అల్మెరియా రైతులకు తాతల నుంచీ వచ్చిన ద్రాక్ష పందిరి అది. చెక్క పీపాల్లో బెండుపొడి మధ్య సర్ది ఓడల మీద లండన్ దాకా పంపిన ద్రాక్ష ఇక్కడ అలాంటి పందిళ్లకే కాసేది. ఆ పందిరికే ప్లాస్టిక్ దుప్పటి కప్పారు. రెండు వరసల తీగల మధ్య పట్టాను పట్టి ఉంచే ఈ పందిరిని నేటికీ 'పర్రాల్' అనే అంటారు. ద్రాక్ష పందిరికి ఉన్న పేరే!

ఫలితం చూసి రైతులే ఆశ్చర్యపోయారు. గాలి నుంచి కాపాడుతుందనుకున్న పట్టా డిసెంబరు, జనవరి చలిలో మొక్కను వెచ్చగానూ ఉంచింది. ఉత్తర ఐరోపాలో మంచు పేరుకుని ఉండగా ఇక్కడ టమాటాలు ఎర్రబడ్డాయి. హాలెండ్‌లో గ్యాస్ మండించి, దీపాలు పెట్టి పెంచాల్సిన పంట ఇక్కడ ఉత్త ఎండకే వచ్చింది. ఇప్పటికీ ఇక్కడి పందిళ్లలో అత్యధికం హీటర్లు గానీ దీపాలు గానీ లేనివే. ఒక్కో కుటుంబానికి ఉండేది రెండు మూడు హెక్టార్లు. ఎల్ ఎహీదో, రొకేటాస్ దె మార్, వీకార్, నీహార్... ఒకప్పుడు పేరు కూడా తెలియని ఈ ఊళ్లు ఇప్పుడు ఐరోపా కూరగాయల బజారుకు ముఖ్యమైన చిరునామాలు.

బయట 31... లోపల 45!

చలికాలంలో వరమైన ప్లాస్టిక్ వేసవిలో పగబడుతుంది. అల్మెరియాలో జులై, ఆగస్టు నెలల్లో పగటి ఉష్ణోగ్రత సగటున 31 డిగ్రీల దగ్గర ఉంటుంది. విజయవాడలోనో రామగుండంలోనో మే నెల చూసినవాళ్లకు అదొక ఎండే కాదు. కానీ మూసి ఉన్న పందిట్లోకి అడుగుపెడితే సంగతి వేరు. అక్కడ 45 డిగ్రీలు దాటడం మామూలే.

వెలుతురు ప్లాస్టిక్ గుండా తేలిగ్గా లోపలికి వస్తుంది. నేలా ఇసుకా దాన్ని తాగి వేడెక్కుతాయి. వాటిని తాకిన గాలి వేడెక్కి పైకి లేస్తుంది కానీ బయటకు పోయే దారి ఉండదు. ఎండలో అద్దాలు ఎత్తి పెట్టిన కారులో ఏం జరుగుతుందో ఇక్కడా అదే.

టమాటా పూతకు 32 డిగ్రీలు దాటితే ఇబ్బంది మొదలవుతుంది. పుప్పొడి ఎండిపోతుంది. పూలు రాలిపోతాయి. కాయ పడినా ఎండ తగిలిన పక్క తెల్లగా ఉడికినట్టవుతుంది. క్యాప్సికమ్ కాయల అడుగు నల్లబడి కుళ్లుతుంది. పరాగ సంపర్కం కోసం పందిట్లో పెట్టే బంబుల్‌బీలు కూడా ఎండ ముదిరితే పూలవైపు పోవు. గూడు దగ్గరే నిలబడి రెక్కలతో విసురుకుంటూ పిల్లల్ని చల్లబరుస్తాయి. అందుకే వాటి పెట్టెలను నీడలో పెడతారు.

కిటికీలు తెరిస్తే సరిపోదా? తెరుస్తారు. పందిరి పక్కలనా, కప్పుమీదా తెరలు చుట్టి పైకెత్తే ఏర్పాటు ఉంటుంది. ఇక్కడి గాలులు రెండు. తూర్పు గాలి 'లెవాంతే', పడమటి గాలి 'పొనియెంతే'. ఏ గాలి వీస్తోందో చూసి ఆ వైపు తెర ఎంత ఎత్తాలో రైతు నిర్ణయించుకుంటాడు. గాలి మరీ జోరైతే పట్టా చిరిగిపోకుండా మూసేయాలి.

అక్కడా ఒక చిక్కుంది. తెర తీస్తే గాలితో పాటు తెల్లదోమా, తామరపురుగూ వస్తాయి. తెల్లదోమ ఆకుముడత వైరస్‌ను మోసుకొస్తుంది. దానికి వెరచి కిటికీలకు సన్నటి దోమవల కడతారు. వల ఎంత సన్నగా ఉంటే పురుగు అంత రాదు, గాలీ అంత రాదు. పురుగును ఆపాలా, గాలిని రానివ్వాలా? 2006 చివర్లో జర్మనీలో స్పెయిన్ క్యాప్సికమ్‌ల మీద నిషేధిత పురుగుమందు అవశేషాలు బయటపడి పెద్ద గొడవైంది. ఆ దెబ్బతో అల్మెరియా రైతులు మందులు తగ్గించి, పురుగుల్ని తినే మిత్రకీటకాలను పందిట్లో వదలడం మొదలుపెట్టారు. కొన్నేళ్లలోనే క్యాప్సికమ్ తోటలన్నీ దాదాపు ఆ దారి పట్టాయి. పురుగు వచ్చాక మందు కొట్టే వీలు తగ్గింది కాబట్టి పురుగును రానివ్వని వల అవసరం మరింత పెరిగింది. ఇక గాలి ఒక్కదాన్నే నమ్ముకోలేం. వేడి లోపలికి వచ్చాక బయటకు పంపడం కన్నా అసలు రాకుండా ఆపడమే మేలు.

సున్నం వేసే రోజు

అండలూసియాకు సున్నం కొత్త కాదు. కొండవాలున పేర్చినట్టుండే అక్కడి తెల్ల పల్లెలకు ప్రపంచమంతా పేరుంది. ఇంటి గోడకు సున్నం వేస్తే ఎండ తిరిగిపోతుందని తరతరాలుగా తెలిసినవాళ్లు. ఆ తెలివినే పందిరి మీదికి తెచ్చారు. ఈ పనికి పేరు 'ఎన్‌కలాదో'. 'కాల్' అంటే సున్నం. కాబట్టి ఆ మాటకు అర్థం సున్నం కొట్టడమనే!

నిజానికి ఇప్పుడు వాడేది గోడలకు వేసే ఘాటు సున్నం కాదు, మెత్తగా నూరిన సుద్దపొడి. దాని పేరు 'బ్లాంకో దె ఎస్పాన్యా', అంటే 'స్పెయిన్ తెలుపు'. బస్తాల కొద్దీ పొడిని తొట్టిలో నీళ్లతో కలుపుతారు. మోటారుకు గొట్టం తగిలించి ఒకడు పందిరి మీదికి ఎక్కుతాడు. ప్లాస్టిక్ మీద అడుగేస్తే కిందికే. తీగల మీదా, చట్రం ఉన్నచోటా మాత్రమే కాలు మోపుతూ వానలా పిచికారీ చేసుకుంటూ వెనక్కి నడుస్తాడు. చూసేవారికి సర్కసులా ఉంటుంది. అదుపు తప్పి పట్టా చింపుకుని పడి ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. అందుకే ఇదే పనిగా చేసే బృందాలను పిలిపిస్తారు. పూత ఆరేసరికి నిన్నటి దాకా అద్దంలా మెరిసిన కప్పు పాలలా తెల్లబడుతుంది. చిక్కగా వేస్తే లోపలికొచ్చే వెలుతురు దాదాపు సగానికి తగ్గిపోతుంది.

ఎంత చిక్కగా వేయాలన్నదే అసలు విద్య. ఎక్కువైతే మొక్కకు వెలుతురు చాలక నీళ్లలా పొడుగు సాగిపోతుంది, పూత తగ్గుతుంది. తక్కువైతే పూత రాలుతుంది. దోసకు ఒకలా, క్యాప్సికమ్‌కు ఒకలా, టమాటాకు మరొకలా. అదే పందిట్లో దక్షిణపు వాలుకు ఒక చేయి ఎక్కువ. మార్చిలో ఎండ ముదరగానే ఒక పలుచని పూత. జులై, ఆగస్టుల్లో కొత్త నాట్లకు ముందు చిక్కటి పూత. సెప్టెంబరు దాటాక రోజులు చిన్నవై వెలుతురు తగ్గుతుంటే మళ్లీ పందిరెక్కి నీళ్లతో కడిగేస్తారు. ఒక్కోసారి శరత్కాలపు జడివాన ఒక్కరాత్రిలో ఆ పనంతా చేసిపెడుతుంది. అది పదిరోజులు ముందే వస్తే మాత్రం రైతు గుండె గుభేలే. మబ్బు విడిచాక కాసే ఎండకు లేతమొక్క తట్టుకోవాలి మరి!

ఆగస్టే ఎందుకు?

ఇంత ఎండలో నాటడమెందుకు, రెండు నెలలు ఆగొచ్చు కదా అనిపిస్తుంది. ఆగితే డబ్బులుండవు. అక్టోబరు, నవంబరు నాటికి ఉత్తర ఐరోపాలో ఆరుబయట పంట అయిపోతుంది. ధర పలికేది అప్పుడే. ఆ వేళకు కాపు చేతికి రావాలంటే ఆగస్టులో నాటాల్సిందే. ఇక్కడి వేలంపాటల్లో ధర పైనుంచి కిందికి దిగుతుంది. తెరమీద అంకె తగ్గుతూ వస్తుంటే నచ్చినచోట కొనేవాడు మీట నొక్కుతాడు. సరుకు ఎక్కువైన వారం ఆ అంకె దిగుతూ దిగుతూ రైతు మొహం పాలిపోయేదాకా వస్తుంది. వారం ముందు కాపుకొచ్చినవాడికీ వారం తర్వాత వచ్చినవాడికీ ఎంతో తేడా.

ఇంకో తమాషా ఏంటంటే, పెరిగిన మొక్క తన చల్లదనం తానే చూసుకుంటుంది. ఏపుగా అల్లుకున్న తీగలు ఆకులనుంచి నీటిని ఆవిరిగా వదులుతూ పందిరంతా చల్లబరుస్తాయి. వేపచెట్టు కింద మంచం వేసుకున్నప్పుడు తెలిసే చల్లదనంలో నీడకు తోడు ఆ ఆవిరి పాలూ ఉంటుంది. కానీ ఆగస్టులో ఉండేది జానెడు మొక్క. దానికి ఆకులు నాలుగు. చుట్టూ ఉన్నది కాలే ఇసుక. ఆ ఇసుక వేడికి లేతకాండం మొదట్లోనే కమిలిపోతుంది. తన్ను తాను చల్లబరచుకునే వయసు వచ్చేదాకా దానికి ఆ సుద్దపూతే గొడుగు. డబ్బున్నవాళ్లు కొందరు సన్నటి పొగమంచులా నీటి తుంపర చల్లే యంత్రాలు పెట్టుకున్నారు, జాలీ తెరలు కట్టుకున్నారు. కానీ జిల్లా మొత్తంమీద అందరికీ అందుబాటులో ఉన్న ఉపాయం సుద్దే.

ఇక నాట్లకు ముందు కొన్ని వారాలు పందిళ్లు ఖాళీగా ఉంటాయి. ఆ రోజుల్లో ఎండను తిట్టుకోరు, పనిలో పెట్టుకుంటారు! నేలను తడిపి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ పరిచి, పందిరి తలుపులు బిగించేస్తారు. లోపల ఆవిరి కుడుములా ఉడుకుతుంది నేల. తెగుళ్ల శిలీంద్రాలూ, నులిపురుగులూ, కలుపు గింజలూ ఆ వేడికి చస్తాయి. మందు ఖర్చు లేదు. తర్వాత తలుపులు తెరిచి, సుద్ద పూసి, నారు పెడతారు. నిన్న ఉడికించిన ఎండనే నేడు ఆపుతారన్నమాట.

ఊరే చల్లబడింది!

ఎవరి పందిరికి వాళ్లు వేసుకున్న సున్నం అందరికీ తెలియకుండా మరో పని చేసింది. అల్మెరియా విశ్వవిద్యాలయ పరిశోధకుడు పాబ్లో కాంప్రా, ఆయన సహచరులు వాతావరణ కేంద్రాల పాత లెక్కలు తిరగేశారు. 1983 నుంచి 2006 వరకు పాలీహౌస్‌ల ప్రాంతంలో ఉష్ణోగ్రత దశాబ్దానికి 0.3 డిగ్రీల చొప్పున తగ్గుతూ వచ్చిందని తేలింది. అదే కాలంలో ఆ పందిళ్లకు దూరంగా ఉన్న కేంద్రాల్లో దశాబ్దానికి దాదాపు అర డిగ్రీ పెరిగింది. ఈ పరిశోధన 2008లో అచ్చయింది.

కారణం తెలుపే. ఇంతకు ముందు ముళ్లపొదల గోధుమరంగు నేల ఎండను తాగేది. దాని బదులు వందల చదరపు కిలోమీటర్ల తెల్లటి కప్పు ఆ ఎండను ఆకాశంలోకి తిప్పికొడుతోంది. మొక్కల కోసం వేసిన గొడుగు ఊరికీ గొడుగైంది! భూమి మొత్తం వేడెక్కడాన్ని ఇదేమీ ఆపలేదు. 2022లో స్పెయిన్ అప్పటివరకూ నమోదైనవాటిలోకెల్లా వేడి ఏడాదిని చూసింది. కానీ ఒక ప్రాంతం రంగు మారితే అక్కడి ఎండ తీరు మారుతుందనడానికి ప్రపంచంలో ఇంత పెద్ద ఉదాహరణలు అరుదు.

తెలుపు చాటున...

ఇంతవరకూ విన్నవాళ్లు అల్మెరియా వెళ్లి రోడ్డు పక్కన కారు ఆపితే మరికొన్ని కనిపిస్తాయి. మూడు నాలుగేళ్లకోసారి పట్టా మార్చాల్సిందే. ఎండకు పెళుసెక్కి చిరిగిన ప్లాస్టిక్‌లో చాలాభాగం మళ్లీ వాడుకకు వెళుతున్నా, కొంత వాగుల్లోనూ సముద్రంలోనూ తేలుతోంది. 2012లో పక్కనున్న గ్రనడా తీరానికి కొట్టుకొచ్చి చచ్చిన స్పెర్మ్ తిమింగలం కడుపులో పాలీహౌస్‌ల పట్టా ముక్కలు కిలోల లెక్కన దొరికాయి.

నీటి సంగతి ఇంకా కష్టం. బొట్టు బొట్టూ డ్రిప్‌తోనే ఇస్తారు. కప్పుమీద పడిన వాననీటినీ తొట్లలోకి పట్టుకుంటారు. అయినా పడేదెంత? బోర్లు లోతుకు పోయేకొద్దీ తీరం పక్క నుంచి సముద్రపు ఉప్పు భూగర్భంలోకి చొచ్చుకొచ్చింది. 1980లలోనే ప్రభుత్వం కొత్త బోర్లకు ఆంక్షలు పెట్టాల్సివచ్చింది. ఇప్పుడు కార్బొనేరాస్‌లో, బలేర్మాలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కేంద్రాలున్నాయి. ఆ నీళ్లకు కరెంటు కావాలి, ధరా ఎక్కువే. ఎండను సుద్దతో ఆపిన రైతుకు నీటి విషయంలో అంత చవకైన ఉపాయం ఇంకా దొరకలేదు.

అన్నిటికన్నా మనసును కలచేది మనుషుల సంగతి. ఈ పందిళ్లలో కాయలు కోసేదీ, తీగలు కట్టేదీ ఎక్కువగా మొరాకో, సెనెగల్, మాలి, రొమేనియాల నుంచి వచ్చినవాళ్లు. తాతల కాలంలో ఈ ఊరివాళ్లే పొట్టచేతపట్టుకుని సముద్రం దాటారు. ఇప్పుడు ఆ సముద్రం దాటి వీళ్లు ఇటు వచ్చారు. 2000 ఫిబ్రవరిలో ఎల్ ఎహీదోలో ఒక యువతి హత్య తర్వాత మొరాకో కూలీల మీద దాడులు జరిగాయి. ఇళ్లూ దుకాణాలూ తగలబడ్డాయి. ఆ మూడు రోజులు స్పెయిన్ చరిత్రలో మచ్చగా మిగిలాయి.

ఎండాకాలం పని తెల్లవారుజామునే మొదలవుతుంది. మధ్యాహ్నానికి ముందే పందిరి ఖాళీ చేయాలనుకుంటారు. కానీ కాయ కోతకొచ్చిన రోజున, లారీ ఎదురుచూస్తున్న వేళ గడియారం మాట వినేదెవరు? సుద్ద పూత మొక్కకు సరిపడా చల్లదనమిస్తుంది. వంగి పనిచేసే మనిషికి అది చాలదు. చుట్టూ మొక్కలు వదిలిన తేమవల్ల చెమట ఆరదు.

పని అయ్యాక వాళ్లు వెళ్లేది ఎక్కడికి? గదులు అద్దెకు తీసుకోగలిగినవాళ్లు ఊళ్లోకి వెళతారు. కాగితాలు లేనివాళ్లూ, అద్దె ఇవ్వలేనివాళ్లూ నీహార్ పొలాల మధ్య సరుకు పెట్టెల చెక్కలతో, పందిళ్ల నుంచి తీసేసిన పాత ప్లాస్టిక్‌తో గుడిసెలు కట్టుకుంటారు. అలాంటి ఎల్ వలీలీ అనే గుడిసెల వాడను 2023 జనవరిలో అధికారులు కూల్చేశారు. వందలమంది చోటు మార్చుకున్నారు. గుడిసెలు మాత్రం ఇంకోచోట లేచాయి. పంట మీద పనికిరాదనుకున్న అదే పట్టా మనిషి నెత్తిమీద కప్పయింది. ఆ కప్పుకు సుద్ద పూసేవారు లేరు.

తోటలో మొక్కకు ఏ గంటలో ఎంత ఎండ తగలాలో లెక్కగట్టిన ఊరు, ఆ మొక్కను సాకే మనిషికి ఆ లెక్క ఎప్పుడు కడుతుందని అక్కడి కార్మిక సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నాయి. చూసొచ్చినవాళ్లకు చాలాకాలం గుర్తుండేది ఆ తెల్లటి సముద్రం ఒక్కటే కాదు, ఆ ప్రశ్న కూడా.

మన డాబాలకూ...

తెలంగాణలో 75 శాతం రాయితీ ఇచ్చిన రోజుల్లో చేవెళ్ల వైపు ఎన్నో పాలీహౌస్‌లు వెలిశాయి. క్యాప్సికమ్, జెర్బెరా పూలు పెంచిన రైతులకు వేసవి సంగతి బాగా తెలుసు. అల్మెరియాలో బయట 31 ఉంటేనే లోపల అంత మంట. మన దగ్గర బయటే 42 ఉంటే సుద్ద ఒక్కటే ఆదుకోలేదు. జాలీ తెరలు, తుంపర యంత్రాలు తోడు కావాలి. కొన్నాళ్లు పంట మానుకుని నేలను ఎండకు ఉడికించడమే తెలివైన పని కావచ్చు.

కానీ రెండో పాఠం మాత్రం ఇంటింటికీ పనికొస్తుంది. పంటకు కాదు, డాబాకు! 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 'కూల్ రూఫ్' విధానం తెచ్చింది. ఇళ్ల పైకప్పులకు ఎండను తిప్పికొట్టే తెల్లపూతో, తెల్ల పెంకులో వేయించాలన్నది దాని సారాంశం. 2028-29 నాటికి హైదరాబాద్‌లో 200, మిగతా పట్టణాల్లో 100... కలిపి 300 చదరపు కిలోమీటర్ల కప్పు తెల్లబడాలని లక్ష్యంగా పెట్టుకున్నారు. అల్మెరియాలో పాలీహౌస్‌లు పరుచుకున్నదీ అటూ ఇటుగా అంతే విస్తీర్ణం!

అక్కడ రైతులు వాతావరణాన్ని మార్చాలని సున్నం వేయలేదు. ఎవరి టమాటాలు వాళ్లు కాపాడుకున్నారు, ఊరు చల్లబడింది. మన దగ్గర పై అంతస్తు గదిలో పిల్లలు రాత్రంతా దొర్లుతూ నిద్రపోలేని ఇళ్లెన్నో. రేకుల షెడ్డులో కుట్టుమిషను తొక్కేవాళ్లూ, ఇస్త్రీ పెట్టె పట్టేవాళ్లూ ఉన్నారు. ఫిబ్రవరి దాటేలోపు ఒక బస్తా సున్నం, రెండు కుంచెలు, ఒక ఆదివారం ఉదయం చాలు. ముందుగా రేకుల కప్పుల నుంచి మొదలుపెడితే మరీ మంచిది. అల్మెరియా మరిచిపోయింది వాటినే కదా!

చూడాలంటే...

మాడ్రిడ్ నుంచి అల్మెరియాకు విమానాలున్నాయి. మలగా నుంచి రోడ్డుమీద సుమారు 200 కిలోమీటర్లు. తీరం వెంటే వచ్చే రహదారిలో ఎల్ ఎహీదో దగ్గరికి రాగానే రెండువైపులా పందిళ్లు మొదలవుతాయి. కొన్ని తోటలవాళ్లు ముందుగా చెబితే లోపలికి తీసుకెళ్లి మొక్కలూ, మిత్రకీటకాలూ చూపించి, కోసిన టమాటా రుచి చూపిస్తారు. చలికాలంలో వెళితే పంట నిండుగా ఉంటుంది. సున్నం కొట్టడం చూడాలంటే మాత్రం ఆగస్టులో వెళ్లాలి. టోపీ, మంచినీళ్ల సీసా తప్పనిసరి. ఊళ్లో అల్కసాబా కోట, తూర్పున కాబో దె గాతా తీరం, ఉత్తరాన తబెర్నాస్‌లోని కౌబాయ్ సినిమా సెట్లు... రెండు రోజుల్లో చుట్టేయొచ్చు.